గీతలు కుదుటపడితే

"కోడ్ ఒక్క మాటే. అది ఈ యమ్మ తలకాయలో ఉండాది. దొరక్కపోతే బొంబాయి మెయిల్ ఆదోని చేరదప్పా," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ డాక్టర్ వెంకోబారావు.

ఆదోని స్టేషన్ వెనక గదిలో, మంచం మీద, తల నిండా వైర్లతో, డబుల్ ఏజెంట్ మిస్ లీనా. రెండేళ్లు విదేశీ ముఠాలో తిరుగుతూ మద్రాసు క్లబ్బుల్లో ఎందరి మతులో పోగొట్టిన మనిషి. అసలు పేరు హులిగమ్మ, ఊరు దేవనకొండ. ఆమె మొగుడు, ఏజెంట్ ఉచ్చీరప్ప, దుప్పట్లమ్మేవాడి వేషంలో ఎమ్మిగనూరు మగ్గాల షెడ్డులో దూరి ఆ ఉదయమే ఆమెను విడిపించుకొచ్చాడు. రైల్లో ముఠా పెట్టిన బాంబును వైర్‌లెస్‌లో ఆపే కోడ్‌ని ఆమె రహస్యంగా మార్చేసింది. అది కక్కించడానికి వాళ్లు కొట్టారు, ఇంజెక్షన్లు పొడిచారు. కోడ్ రాలేదు గాని ఆమె జ్ఞాపకాలు చెదిరిపోయాయి.

"నన్ను సూడు! నేనెవురో తెలీదా?" ఉచ్చీరప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె మెదడు తీరును గీతలుగా గీసే ఈఈజీ మెషిన్ సూదులు కాగితాన్ని పిచ్చెత్తినట్టు గీకేశాయి.

"వదులప్పా!" అన్నాడు డాక్టర్. "ఊరికే కండ్లు మూసుకొని ఉన్నప్పుడు మెదడు గీతలు ఎంత కుదురుగా ఉంటే జ్ఞాపకం అంత బాగా అందుతాది. నేను చూసిన సంగతిది. నువ్వు గుర్తుకు రావాలని పట్టుబడితే రైలు పోతాది."

గుండె కోసేసినట్టయింది అతనికి. చెయ్యి వదిలేసి గోడవారన కూర్చున్నాడు. దూరంగా పత్తి మిల్లు చప్పుడు. ఆమె ఊపిరి నెమ్మదించింది. గీతలు కుదుటపడ్డాయి.

"బాంబు ఆపే మాటేందమ్మా?" అడిగాడు డాక్టర్.

"ఉచ్చీరప్ప," అంది హులిగమ్మ, తేలిగ్గా.

పదేళ్ల కాపురంలో ఆమె నోట ఆ పేరు అతను వినలేదు. మొగుడి పేరు పలికే ఆడది వాళ్ల వైపు లేదు. చచ్చినా తన నోట రాదనే ఆ పేరును కోడ్‌గా పెట్టింది, పిచ్చిది. ఇప్పుడు అడగ్గానే చెప్పేసిందంటే, అది ఎవరి పేరో ఆమెకు తెలియదు.

ఉచ్చీరప్ప మూలనున్న వైర్‌లెస్ సెట్ మీద తన పేరునే మోర్స్‌లో కొట్టాడు. ఆఖరి అక్షరం పోయిన మరుక్షణం అవుటర్ సిగ్నల్ దగ్గర మెయిల్ కూత వేసింది. నిక్షేపంగా స్టేషన్లోకి వచ్చి ఆగింది.

హులిగమ్మ కళ్లు తెరిచింది. భుజాన దుప్పట్లతో ఎవరో ఏడుస్తున్నాడు.

"ఏందన్నా, ఏడుస్తాండావు? ఆ ఉచ్చీరప్ప నీకు కావల్సినోడా?"

ఉచ్చీరప్ప కళ్లు తుడుచుకున్నాడు.

"వాని సంగతంతా నిదానంగా సెప్తాను గాని, నన్ను అన్నా అని మాత్రం పిలవొద్దు."