పదకొండు గొర్రెల ఫిర్యాదు

ఆదివారం సాయంత్రం ఐదున్నరకు పరమేష్ దొడ్డిలో మొదటి గొర్రె పడింది. ఆరుంబావుకల్లా పదకొండు చచ్చాయి. అది 2019 నవంబరు. ఊరు కోస్గికి ఏడు కిలోమీటర్లు.

ఆ రోజు పరమేష్ చుట్టాలింటికి పోయి నాలుగింటికి తిరిగొచ్చాడు. మందను తోలుకుపోయింది అతని కూతురు త్రివేణి. ఆమెకు పన్నెండేళ్లు, ఏడో తరగతి.

"ఏడ మేపినవ్ బిడ్డా?" అని అడిగాడు పరమేష్, చచ్చిన గొర్రె దవడ తెరిచి చూస్తూ.

"గుట్ట కాడ, నాయినా."

"ఇంకేడికన్న పోయినయా?"

"పోలే."

అది నిజం కాదు. ఇంటికి మళ్లేటప్పుడు గంటసేపు మంద లింగస్వామి చెలకలో మేసింది. అక్కడ జొన్న కోసి నెల దాటింది. వారం కింద వాన పడితే మోళ్లకు మళ్లీ ఆకు వచ్చింది. పరాయి చెలకలో మేపితే నాయిన తిడతాడని త్రివేణి ఆ సంగతి చెప్పలేదు. జొన్నాకు తిని గొర్రెలు చస్తాయని ఆమెకు తెలియదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పరమేష్ తల్లి సైదమ్మ దొడ్డి గడప మీద కూర్చుంది. "రోగమైతే ఒక్కటొక్కటి పోతది. గిట్ల వరుసగ పడ్డయంటే మందు పెట్టిన్రురా."

"ఎవలు పెడ్తరే అమ్మా?"

"ఇంకెవలు? భిక్షపతిగాడు. పొద్దుగాల నీళ్ల తొట్టి కాడ ఆటో కడుగుతుండె. నా కండ్లతోని చూసిన."

భిక్షపతిది ఎస్సీ కాలనీ. కోస్గికి ఆటో నడుపుతాడు. ఊళ్లో పశువు చస్తే ఈడ్చుకుపోయే పని అతని తండ్రి చేసేవాడు, తోలు అతనికే దక్కేది. ఆగస్టులో పరమేష్ ఎద్దు చచ్చినప్పుడు కబురు పంపితే భిక్షపతి వచ్చి, "గా పని మా నాయినతోనే అయిపోయిందన్నా, ట్రాక్టర్ మాట్లాడుకోన్రి" అని చెప్పి వెళ్లాడు. సైదమ్మ ఆ మాట మరిచిపోలేదు.

"తోలు కోసం మందు పెడ్తరు. వాళ్ల తాతల కాలం సంది గదే పని," అంది సైదమ్మ. ఈ మాట ఆమెకు వాళ్ల అత్త చెప్పింది. చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

కోడలు ఉమారాణి చేతిలో లాంతరు పట్టుకుని నిలబడింది. "తోలు ముట్టం అన్నందుకే గద అత్తమ్మా, మొన్న నువ్వు కొట్లాడింది? మల్ల తోలు కోసం ఎట్ల సంపుతరు?"

"నువ్వు నోర్ముయ్యి. మొగుని గొర్లు పోతే నవ్వొస్తాందా నీకు?"

త్రివేణి అవ్వ మాటే నమ్మింది. చచ్చినవాటిలో ఒకదాన్ని ఆమె సీసాతో పాలు పట్టి పెంచింది.

సోమవారం పశువుల డాక్టరు వచ్చి రెండు గొర్రెలను కోసి చూసి, నమూనాలు తీసుకుని వెళ్లింది. అదే పూట పరమేష్ కోస్గి స్టేషన్‌లో భిక్షపతి పేరు మీద ఫిర్యాదు ఇచ్చాడు. బస్టాండు దగ్గర సైదమ్మ అందరూ వినేటట్టు చెప్పింది: "నా గొర్లకు మందు పెట్టింది ఆడే. ఆని ఆటో ఎక్కినోడు నా గడప తొక్కొద్దు." ఆ సాయంత్రం నుంచి ఊళ్లో ఎవరూ ఆ ఆటో ఎక్కలేదు.

భిక్షపతి కూతురు శైలజది త్రివేణి తరగతే. మంగళవారం మధ్యాహ్నం అన్నం దగ్గర త్రివేణి లేచి నిలబడి, గొర్రెలను చంపినవాడి బిడ్డతో ఎవరూ కూర్చోవద్దంది. నలుగురు లేచి అవతలికి పోయారు. మిగతావాళ్లు పళ్లేలు జరుపుకున్నారు. త్రివేణి శైలజ పళ్లేన్ని కాలితో తోసింది. అన్నం నేల మీద పడింది.

"మీ నాయినను పోలీసులు గుంజుకపోతరు. నేను దగ్గరుండి చూస్త."

శైలజ వంగింది. అన్నం ఎత్తి పళ్లెంలో వేసుకుని బయటికి పోయింది.

ఇంటికొచ్చి త్రివేణి ఇదంతా చెప్పింది. "గట్లుండాలె! నా మనుమరాలివి అనిపించినవ్," అని సైదమ్మ ఆమె తల నిమిరింది. ఉమారాణి అన్నం గిన్నె దించి, కూతురి ముఖంలోకి చూసి, లోపలికి పోయింది.

బుధవారం పోలీసులు భిక్షపతిని పిలిపించి, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మందు పెట్టినట్టు డాక్టరు రాసిస్తే కేసు కడతామని చెప్పి పంపారు.

గురువారం ఎనిమిదిన్నరకు డాక్టరు పరమేష్ ఇంటికి వచ్చింది.

"ఎవరూ మందు పెట్టలేదు పరమేష్. పొట్టల నిండా జొన్న పిలక ఉంది. కోసిన జొన్నకు వానపడి వచ్చే ఆకు. జానెడు ఉన్నప్పుడు అది విషం. నీకు తెలీదా?"

"ఎర్కే మేడం. ఎర్కుండే, వానలు పడ్డంక నేను గటు పోనియ్య. మా మంద గుట్టకు పోయింది."

"గుట్ట మీద జొన్న ఉందా?"

"లేదు."

"మరి పొట్టలోకి ఎలా వచ్చింది?"

పరమేష్ నోరు తెరిచేలోపు సైదమ్మ అందుకుంది. "గా ఆకు గూడ ఆడే కోస్కొచ్చి దొడ్ల ఏసిండు. గదే మందు!"

పరమేష్ తల్లివైపు చూశాడు. తర్వాత తలూపాడు. "అయితది. స్టేషన్ల గదే చెప్త."

తలుపు చాటున ఇదంతా విన్న త్రివేణి సంచి భుజాన వేసుకుని బడికి బయలుదేరింది. ఆమె నోరు విప్పకపోతే ఇంట్లో ఆమెనెవరూ అడగరు. భిక్షపతి మీద కేసు కడతారు.

బోరింగు దగ్గర శైలజ బిందె ఎత్తుతోంది. త్రివేణి ఆగింది. శైలజే ముందు మాట్లాడింది.

"ఆదివారం లింగస్వామి చెల్కల నువ్వు మేపుతున్నప్పుడు నేను పక్క చెల్కల పత్తి ఏరుతున్న."

"చూసినవా?"

"చూసిన."

"మరి ఎవ్వలకు చెప్పలేదేంది?"

"మా నాయినకు చెప్పిన. మన నోట్లకెళ్లొస్తే అది అబద్ధమే అయితది బిడ్డా అన్నడు." శైలజ బిందె చంకన పెట్టుకుంది. "నువ్వు చెప్తే నిజమైతది. నువ్వు చెప్పవు. నాకెర్కే."

త్రివేణి బడికి పోలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి పరమేష్ బండి తాళం చేతిలో పట్టుకుని గడప దిగబోతున్నాడు.

"నాయినా, జొన్న చెల్కల మేపింది నేనే. గుట్ట అని అబద్ధం చెప్పిన."

పరమేష్ చెయ్యి లేచింది. ఉమారాణి మధ్యలోకి వచ్చింది. "కొడితే నన్ను కొట్టు. ఒక్కమాట చెప్పు ముందుగాల. పిలక సంగతి దానికెప్పుడన్న చెప్పినవా?"

చెయ్యి అక్కడే ఆగింది.

సైదమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది. "గట్టిగ మొత్తుకోకున్రి. గిది గీ ఇంట్లనే ఉండాలె. ఇజ్జత్ పోతది. ఆనిది పోతే పోనియ్, ఎద్దు కాడ మన ఇజ్జత్ తియ్యలేదా ఆడు?"

"అవ్వా," అంది త్రివేణి, "గొర్లను సంపింది నేను. తోలు కోసం సంపిన్నా?"

సైదమ్మ తలుపు వైపు తిరిగింది.

"చెప్పవ్వా. నేను సంపితే తెల్వక అయిందంటవ్. ఆయన ఆటో కడిగితే మందు పెట్టిండంటవ్. నీ మాట పట్టుకొని నేను శైలజ అన్నం తన్నిన. నువ్వు నా తల నిమిరినవ్."

త్రివేణి ఏడ్చింది. పరమేష్ గోడ వార కూలబడ్డాడు. తాళం కింద పడింది. "కొడుకుంటే చెప్పేటోన్ని," అన్నాడు. "ఆడపిల్లకు మంద సంగతి ఎందుకనుకున్న. నా తప్పే బిడ్డా." చేతులతో ముఖం కప్పుకున్నాడు.

పదకొండింటికి తండ్రీకూతుళ్లు భిక్షపతి ఇంటికి పోయారు. భిక్షపతి కూర్చోమనలేదు. త్రివేణి జరిగింది చెప్పింది. ఆమె అతన్ని చిన్నాన్న వరసలో "కాకా" అని పిలవడం అదే మొదటిసారి.

"కాయితం వాపస్ తీస్కుంట భిక్షపతీ," అన్నాడు పరమేష్.

"కాయితం వాపస్ అయితది. మాటో?" భిక్షపతి గొంతు పెంచలేదు. "ఎనిమిది గంటలు నన్ను బల్ల మీద కూసోవెట్టిన్రు. నా బిడ్డ అన్నం మట్టి పాలైంది. మీ అమ్మ ఏడ అన్నదో ఆడనే నిలవడి తప్పని చెప్పాలె. చెప్పకుంటే నేను గూడ కాయితం రాస్త. స్టేషన్ తొవ్వ నాకు గూడ చూపెట్టిన్రు మీరు."

"మా అమ్మ పెద్దమనిషి..." అన్నాడు పరమేష్.

"మా నాయిన గూడ పెద్దమనిషే ఉండె. మీ పశువులను ఈడ్చి ఈడ్చి నడుం పోయి చచ్చిండు."

భిక్షపతి మాట విని ఆ రోజు సైదమ్మ అన్నం తినలేదు. త్రివేణి పళ్లెం పెట్టి ఎదురుగా కూర్చుంది, తాను కూడా తినలేదు. "నేను చెప్పినంక నువ్వు చెప్పుడు ఎంతసేపవ్వా?" అని మాత్రం అంది.

శుక్రవారం ఎనిమిది గంటలకు సైదమ్మ బస్టాండుకు వచ్చింది. అక్కడ పంతొమ్మిది మంది ఉన్నారు. ఆమె నేలను చూస్తూ ఏదో అంది.

"ఇనవడలే," అన్నాడు భిక్షపతి ఆటోలోంచి.

త్రివేణి ముందుకు వచ్చింది. "కాకా, నేను చెప్త."

"నీది నువ్వు చెప్పినవు బిడ్డా. గిది ఆమెది."

సైదమ్మ తలెత్తింది. "భిక్షపతి మందు పెట్టలే. నేను చూడంది చూసినట్టు చెప్పిన. తప్పు నాది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. 

"ఎక్కున్రి," అన్నాడు భిక్షపతి. "స్టేషన్‌కే గద. ఊరు చూడాలె."

"అత్తమ్మా, మరి మల్ల మన గడప ఎట్ల తొక్కుతవ్?" అంది ఉమారాణి. సైదమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. వెనకే పరమేష్, త్రివేణి ఎక్కారు. శైలజ అప్పటికే ముందు సీట్లో తండ్రి పక్కన ఉంది. వెనక్కి తిరగలేదు. "శైలజా," అని త్రివేణి పిలిచింది. ఆటో ఊరు దాటాక శైలజ, "ఊఁ," అంది.

పదీ ఇరవైకి స్టేషన్‌లో పరమేష్ ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. కారణం చెప్పమని రైటర్ అడిగితే, తాను చెబుతానని త్రివేణి ముందుకు జరిగింది. రైటర్ రాసుకున్నాడు: మంద జొన్న చెలకలో మేసింది. మేపింది నేను.