రెప్ప వేయని గీత

ఆదివారం మధ్యాహ్నం కంటి పరిశోధన కేంద్రంలో నరమానవుడు లేడు. జీన్స్ మేడం కావాలనే ఆ రోజు ఎంచుకుంది. జన్యువుల మీద పనిచేస్తుంది కనుక అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరది. ఆవిడ ఒంటి మీద మాత్రం ఎప్పుడూ చీరే.

కుటుంబాల్లో తరతరాలుగా దిగివచ్చే రేచీకటి గుట్టు తేల్చాలని ఆవిడ ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుంటోంది. దానికి మూలం ఆవిడ తల్లి. ముందు రాత్రి చూపు, తర్వాత పక్క చూపు, చివరికి అంతా పోయి, నడివయసులోనే గోడలు తడుముకుంటూ బతికి, మనవరాలు పిచ్చుక పుట్టకముందే కన్నుమూసిన మనిషి. ఆ జబ్బుకో దుర్మార్గపు అలవాటుంది. జన్యువులో లోపం ఉన్నా కొందరి జోలికి పోదు, తర్వాతి తరాన్ని పట్టుకుంటుంది. మేడం కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఆరేళ్ళ కూతురు పిచ్చుక మాత్రం ఈమధ్య పొద్దువాలితే చాలు, గడపలు తన్నుకుంటోంది. రక్తపరీక్షలో లోపం బయటపడింది. అది నిద్రపోతోందో, లేచి కూర్చుందో చెప్పగలిగేది చీకటి గదిలో చేసే పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష ఒక్కరే చేయకూడదు. మిషన్ దగ్గర ఒకరు, పేషెంటు పక్కన ఒకరు ఉండాలి. ఆ నియమం పెట్టింది మేడమే. కానీ తోటివాళ్ళ జాలి చూపులు భరించలేక ఎవరినీ పిలవలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆవిడ పని.

పిచ్చుక కింది రెప్పల వెంట సన్నటి తీగలు పెట్టి చెంపలకు టేపు అంటించింది. ఎదురుగా తెల్లటి పెద్ద గిన్నెలాంటి పరికరం. గడ్డం దానికి ఆనించి లోపలికి చూడాలి. లోపల వెలుగు మెరిసినప్పుడల్లా కన్ను బదులిస్తే మిషన్ మీద గీత అలలా లేస్తుంది. లేవకపోతే... ఆ ఆలోచనను ఆవిడ పూర్తి చేయలేదు.

"రెప్ప వేయకే తల్లీ. వేశావంటే గీత ఎగిరిపడుతుంది."

"అమ్మమ్మకి కూడా ఇలాగే చేశావా?"

"లేదే. అప్పటికి ఈ మిషన్ రాలేదు."

"పాపం," అంది పిచ్చుక.

మేడం లైటు ఆర్పి, నల్ల తెర వెనక మిషన్ ముందు కూర్చుంది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి. గోడలూ కప్పూ అన్నీ నలుపే. స్పిరిట్ వాసన, ఏసీ సన్నటి రొద, తెర అవతల పిల్ల ఊపిరి. ఆ ఊపిరినే వింటూ అరగంట గడిపింది.

మీట నొక్కింది. అవతల వెలుగు మెరిసింది. గీత లేవలేదు.

మళ్ళీ నొక్కింది. లేవలేదు.

కొంగు నోట్లో కుక్కుకుని వెక్కింది. "అమ్మా... నీతోనే పోకూడదుటే ఇది? నా పిల్లని వదిలెయ్యవే..."

కుర్చీ కిర్రుమంది. ఎక్కడిదో నొప్పుల తైలం వాసన... తల్లి మోకాళ్ళకు రాసుకునే తైలం.

"కదలకే," అని పిల్లతో గుసగుసగా అంది మేడం.

"సరేనమ్మా."

ఆ గొంతు తలుపు వైపు నుంచి వచ్చినట్టనిపించింది. ఖాళీ గది కదా, అలాగే వినపడుతుందిలే అని సర్దిచెప్పుకుని, మీట నొక్కింది.

గీత లేచింది. నిండుగా, నిటారుగా, పుస్తకంలో బొమ్మ గీసినట్టు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది. ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. ఇందాక తీగ సరిగా అంటలేదేమో! నొక్కుతూనే ఉంది. అన్నీ మంచి అలలే. మధ్యలో ఒక్క రెప్పపాటు కూడా లేదు.

ఒక్కటి కూడా...

మేడం వేలు మీట మీదే ఆగిపోయింది. ఆరేళ్ళ పిల్ల సంగతి సరే, పెద్దవాళ్ళయినా ఇంతసేపు రెప్ప వేయకుండా ఉండలేరు.

"పిచ్చుకా... రెప్ప వేయట్లేదా నువ్వు?"

"వేస్తున్నానుగా."

తలుపు దగ్గర నుంచే. కింద నుంచి.

తెర లాగి లైటు వేసింది. కుర్చీ ఖాళీ. పిచ్చుక తలుపు పక్కన నేల మీద కూర్చుని కళ్ళు నులుముకుంటోంది. చెంపల మీద టేపు ఊడదీసిన ఎర్రటి గుర్తులు.

"దురదగా ఉంటే అమ్మమ్మ తీసేసింది. తను కూర్చుంటానంది. నువ్వు ఏడుస్తున్నావుట, అందుకని."

"అమ్మమ్మకి... కళ్ళు కనపడవు కదే."

"చీకట్లో బాగా కనపడతాయట."

మేడం బిడ్డను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. అంటే ఆ మొదటి రెండే పిచ్చుకవి. లేవనివి. జబ్బు లేచి కూర్చుందన్నమాట.

గిన్నె అంచున, గడ్డం ఆనించే చోట తీగలు వేలాడుతున్నాయి. టేపుకి పొడుగాటి నెరిసిన వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. మీట నొక్కినవాళ్ళు లేరు, తీగలు ఎవరి ఒంటికీ తగిలి లేవు. గీత తిన్నగా సాగుతోంది.

"లైటు కళ్ళల్లో పడుతోందట అమ్మా," అంది పిచ్చుక, ఖాళీ కుర్చీ వైపు చూస్తూ.

గీత ఒక్కసారి ఎగిరిపడింది.