తీర్పు చెప్పని తగవరి

మాణిక్యగిరి రాజ్యంలో ఆ ఏడు తగవు తీర్చే మనిషి దొరకలేదు. తీర్చబోయిన వాళ్ళందరూ రాళ్ళయిపోయారు మరి.

తగవు ఎగువపాలేనికీ దిగువపాలేనికీ మధ్య, కాలువ నీళ్ళ గురించి. ఇరువైపుల వాళ్ళూ ఆ నీళ్ళే దోసిట పట్టి అబద్ధపు ప్రమాణాలు చేసేసరికి, కాలువలో కాపురముండే జలరక్కసికి ఒళ్ళు మండింది. "మీలో ఒకరిది ఒప్పనీ, ఒకరిది తప్పనీ చెప్పిన మనిషి శిల అయిపోవాలి. మీరు కలిసేదాకా చుక్క నీరు వదలను" అని శపించి కాలువను మింగేసింది.

రాజుగారు తగవరులను ఒకరి తర్వాత ఒకరిని పంపారు. తగవులు తీర్చడమే వాళ్ళ వృత్తి. చివరికి వెళ్ళింది అచ్చియ్యమ్మ. ఆమెకు పైడి అనే కూతురుంది. తీర్పు సగంలో ఉండగానే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. పైడి రోజూ వెళ్ళి తల్లి ముఖం మీది దుమ్ము కొంగుతో తుడిచేది. ఎండలు ముదిరాక ఒకనాడు ఆ రాతి మెడ మీద సన్నటి పగులు వేలికి తగిలింది. ఇలాగే ఎండితే ఆ మెడ నిలవదు. పైడి చద్దిమూట కట్టుకుని, తగవరులకు విద్య నేర్పే ఓబులవ్వను వెతుక్కుంటూ నల్లడవిలోకి నడిచింది.

ముళ్ళు చీరుకుంటూ, వాగులు దాటుకుంటూ గుడిసె చేరేసరికి అవ్వ చింతపండు పిక్కలు తీస్తోంది.

"పలకరింపులు తర్వాత" అంది అవ్వ. "అదుగో, ఆ గుహ దగ్గర పులీ ఎలుగూ కొట్టుకుంటున్నాయి. ముందు వాటి సంగతి చూడు."

"ఇది నా పుట్టిల్లు" అంది పులి.

"ఇన్నాళ్ళూ చిమ్ముకుని, బాగుచేసుకుని ఉంటున్నది నేను" అంది ఎలుగు.

పైడి తల్లిలాగే చెయ్యెత్తింది. "ఉంటున్నవాళ్ళదే ఇల్లు. గుహ ఎలుగుదే."

అనడమే తడవు, పాదాల నుంచి చల్లటి బరువు పాకి మోకాళ్ళదాకా రాయయింది. "రాయి నాకు అరగదు. బతికిపోయావు పో" అని పులి మూతి తిప్పుకుంది. అవ్వ పరుగున వచ్చి మంత్రించిన నీళ్ళు చల్లితే రాయి మళ్ళీ కాళ్ళయింది.

"శాపం మీ వంశం వెంటే తిరుగుతోందే. ఇక్కడైతే నేనున్నాను. ఊళ్ళో నేనుండను, నిలువునా రాయయ్యాక ఈ నీళ్ళూ పనిచెయ్యవు. పులి ఏమంది?"

"గుహ తనదంది."

"కాదు. పుట్టిల్లంది. విన్నది విన్నట్టు వాళ్ళకే తిరిగి చెప్పాలి. 'అవును, అదే నా బాధ' అనేదాకా చెప్పాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. అదే అన్నిటికన్నా కష్టం."

మర్నాడు అవ్వ ఆమెను ధూమకేశుడనే రాక్షసుడి ఇంటికి పంపింది. అతని పెళ్ళాం పింగళి అలిగి మాటలు మానేసింది. వాకిట్లో కూచున్న రాక్షసుణ్ణి అడిగితే, "దానికి పొగరు" అన్నాడు తప్ప మరో మాట లేదు. పైడి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఎగదోస్తూ కూచుంది. చాలాసేపటికి పింగళి గంటె పక్కన పెట్టింది.

"పెళ్ళయిననాటినుంచీ వండి పెడుతున్నానమ్మా. బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు."

"ఆయనకు కోపమొస్తుందని భయమా?"

"భయమేంటి, నా మొహం."

"ఎంత చేసినా గోడకు చేసినట్టే ఉంది నీకు."

పింగళి కళ్ళు తుడుచుకుంది. "అవును. అదే."

వాకిట్లో ధూమకేశుడు ఇదంతా వింటూనే ఉన్నాడు. తప్పు నీదేనని అతనికి చెప్పాలని పైడికి నాలుక దురద పుట్టింది. పళ్ళ మధ్య కరిచిపట్టింది. నోట్లో ఉప్పగా రక్తం తగిలేవేళకు రాక్షసుడు గుమ్మం దాకా వచ్చి, "నువ్వు తిన్నావా?" అని భార్యను అడిగాడు.

పైడి తిరిగొచ్చేసరికి తల్లి మెడ మీది పగులు చెవిదాకా పాకింది. రెండు ఊళ్ళ పెద్దలూ, తగవరులు ఎక్కి తీర్పు చెప్పే తీర్పురాయి దగ్గర చేరారు. ఎగువ పెద్ద గౌరీసు, దిగువ పెద్ద అప్పన్న ఎప్పటిలాగే గేట్లూ వంతులూ అంటూ మొదలుపెట్టారు. పైడి రాయి ఎక్కలేదు.

"ఆకలేస్తోంది. మీ ఇద్దరి ఇళ్ళలోనూ భోంచేస్తాను" అంది.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. తగవు పడ్డ ఇంట తగవరి మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నది అక్కడి ఆచారం.

"తీర్పు చెప్పదు, పెట్టింది తింటానంటోంది. ఇదెక్కడి తగవరే గుంటా?" అన్నాడు గౌరీసు.

అయినా పైడి అతని ఇంట్లో పీట వేసుకుంది. వడ్డిస్తూ వడ్డిస్తూ గౌరీసు భార్య సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. నిరుడు ఆమె కూతురు కాలువలో పోయింది. చావింట పొయ్యి వెలిగించకూడదు. ఇరుగుపొరుగు అన్నం తేవాలి.

"మా ఊరు తెచ్చింది. నూకాలు రాలేదు. మేమిద్దరం ఒక ఈడువాళ్ళం, ఒక రేవులో పెరిగాం."

నూకాలంటే అప్పన్న భార్య. పైడి ఆ ఇంటికీ వెళ్ళింది. మజ్జిగ పోస్తూ నూకాలే ఎత్తుకుంది. "వండి తీసుకెళ్ళాను తల్లీ. పొలిమేరలో ఎగువవాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. గిన్నె నెత్తిన పెట్టుకునే వెనక్కొచ్చాను. ఎవరికి చెప్పుకోను?"

సూరమ్మ దగ్గరకు పరుగెత్తి ఆ మాట చెప్పేయాలని పైడి ప్రాణం కొట్టుకుంది. చెబితే, ఒకరు అపార్థం చేసుకున్నారని తీర్పు చెప్పినట్టే. తన కాళ్ళు బరువెక్కడం ఆమెకు అప్పుడే తెలుస్తోంది. అందుకని ఇద్దరినీ తల్లి శిల నీడలో ఎదురెదురుగా కూచోబెట్టి, "నాతో చెప్పింది తనతో చెప్పత్తా" అని మాత్రం నూకాలును అడిగింది.

నూకాలు నోరు తెరవలేదు. సూరమ్మ లేవబోయింది. తల్లి మెడ మీది రాతి పెళ్ళ ఒకటి ఊడి పైడి ఒళ్ళో పడింది. పైడి రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

అప్పుడు నూకాలు చెప్పింది, తల వంచుకుని, ఆగి ఆగి.

సూరమ్మ మళ్ళీ చతికిలబడింది. "ఏం వండేవే?" అంది.

"పెసరపప్పు. చింతాకు వేసి."

"మా గుంటకదంటే ప్రాణం." సూరమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. నూకాలు లేచి వెళ్ళి ఆమె తల భుజాన చేర్చుకుంది. పక్కనే నిలబడి వింటున్న మగవాళ్ళిద్దరూ ఎటు చూడాలో తెలియక నేల చూశారు. ఆ తర్వాత గేటు సంగతి అప్పన్నే ఎత్తాడు, ఈసారి మెల్లగా; గౌరీసు సరేనన్నాడు. రక్కసి నిట్టూర్చి నీళ్ళు వదిలింది. రాళ్ళలోకి ఊపిరి తిరిగొచ్చింది.

అచ్చియ్యమ్మ ఎత్తిన చెయ్యి దింపుకుంటూ, "తీర్పెవరు చెప్పారే?" అంది.

"ఎవరూ చెప్పలేదమ్మా" అని పైడి ఆమెను కరుచుకుంది.

రాజుగారు పైడిని కొలువులో ప్రధాన తగవరిని చేశారు. ఆమె ఆ కొలువులోనే ఒక బడి పెట్టి, వచ్చినవాళ్ళకల్లా వినడం నేర్పింది. అందరికన్నా ముందు చాప వేసుకుని కూచునేది అచ్చియ్యమ్మే. అందరికన్నా ఎక్కువగా చీవాట్లు తినేదీ ఆవిడే.

"అమ్మా, మళ్ళీ నువ్వే చెప్పేస్తున్నావు" అనేది పైడి.

"నాకు తెలిసిపోతోంది కదే" అని సణుక్కుని, ఆ తల్లి మూతి బిగించుకుని మళ్ళీ వినేది.