బొంగరం ముప్పై ఒక్క ఐడియాలు

లంచ్ బెల్ కొట్టి పది నిమిషాలైంది. బొంగరం ఇంకా డబ్బా మూత కూడా తీయలేదు. లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో ఏదో గబగబా రాస్తోంది. కింద కాళ్ళు రెండూ ఊగుతున్నాయి. ఆ ఊపుకి బెంచీ ఊగుతోంది. పక్కన కూర్చున్న స్నేహితురాలు కళ్ళజోడు చేతిలో నీళ్ళ సీసా కూడా ఊగుతోంది.

"కాస్త ఆగవే తల్లీ! నీళ్ళన్నీ నా ఒళ్ళోనే పడుతున్నాయి," అంది కళ్ళజోడు.

"ఇరవై మూడోది రాస్తున్నా. మధ్యలో కదిలించకు."

"కదిలేది నువ్వా, నేనా?"

ఆ పిల్లకి బొంగరం అన్న పేరు ఊరికే రాలేదు. కాలు ఒకచోట నిలవదు. టీవీ నిలబడి చూస్తుంది. పళ్ళు తోముకుంటూ ఇల్లంతా చుట్టి వస్తుంది. అమ్మమ్మ ముద్దుగా పెట్టిన పేరు బడిదాకా వచ్చేసింది. ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు.

అలాంటి బొంగరం వారానికి ఒక్క గంట మాత్రం కూర్చున్నచోటే కూర్చుంటుంది. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు. అది రేసు లీగ్ జరిగే సమయం. కంప్యూటర్ ల్యాబ్ సార్ పెట్టిన లీగ్ అది. పిల్లలు ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆన్‌లైన్‌లో ఒకే ట్రాక్ మీద కార్లు నడుపుతారు. బొంగరం భోజనాల బల్లకి పాత ఆట స్టీరింగ్ బిగించుకుంటుంది. కాళ్ళకింద పెడల్స్ పెట్టుకుంటుంది. ఆ గంటసేపు ఇంట్లో అందరికీ ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇప్పుడా గంటకే ముప్పు వచ్చింది. ఎనిమిది మందితో మొదలైన లీగ్‌లో ఇద్దరు మానేశారు. ఆరుగురు మిగిలారు.

"ఆరుగురికంటే తగ్గితే మాత్రం ఆపేద్దాం. ఆ టైము మాకివ్వండని చెస్ క్లబ్ వాళ్ళు అడుగుతున్నారు. లీగ్ బాగుపడటానికి ఏం చేయాలో మీరే ఐడియాలు రాసివ్వండి," అన్నారు సార్.

అందుకే ఈ రాతంతా. వాన కురిసే ట్రాక్ కావాలి. కార్లకి హారన్లు కావాలి. గెలిచినవాళ్ళ కారుకి వారంపాటు మీసాలు వేయాలి. చివర వచ్చినవాళ్ళకి కూడా చప్పట్లు కొట్టాలి. ఇలా ఉన్నాయి బొంగరం ఐడియాలు.

"ఇవన్నీ సరేగానీ, నిదానం కూడా మానేసేలా ఉన్నాడే," అంది కళ్ళజోడు. "నిన్న మెట్ల దగ్గర కనబడ్డాడు. విసుగొస్తోంది అన్నాడు."

బొంగరం కాళ్ళు టక్కున ఆగిపోయాయి.

నిదానం పక్క సెక్షన్ అబ్బాయి. ఆటలో ఆ పేరు తనే పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడే గానీ ఒక్క మాటా మాట్లాడడు. ఎప్పుడూ చివరే వస్తాడు. అతను వెళ్ళిపోతే ఐదుగురే. అంటే లీగ్ లేనట్టే.

బొంగరం డబ్బా అలాగే సంచిలో పడేసింది. మిగతా ఐడియాలు నడుస్తూనే రాసింది. ల్యాబ్ తలుపు దగ్గరికి వచ్చేసరికి ముప్పై ఒకటయ్యాయి.

సార్ ఒక చెడిపోయిన కీబోర్డు విప్పి, దాని అక్షరాలు బ్రష్షుతో తుడుస్తున్నారు. నోట్‌బుక్ తీసుకుని ఓపిగ్గా చివరిదాకా చదివారు. మీసాల ఐడియా దగ్గర నవ్వారు.

"బాగున్నాయమ్మా. వీటిలో ముందు ఏది చేద్దాం?"

"పదిహేడోది సార్! రేసు అయ్యాక ఎవరో ఒకరు రీప్లే చూడాలి. గుద్దుకోవడం ఎవరి తప్పో తేల్చాలి. తప్పు చేసినవాళ్ళు వచ్చే రేసు అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాలి."

"మంచి మాటే. ఇది ఎందుకు తోచింది?"

"మొదటి మలుపు దగ్గర ప్రతి వారం గొడవే సార్. నిదానం ఎక్కడో ముందే బ్రేకు వేసేస్తాడు. వెనకవాళ్ళు ఏం చేస్తారు? తగులుతుంది."

సార్ బ్రష్షు పక్కన పెట్టారు. "అయితే ఆ పని నువ్వే చేయి. పోయిన శనివారం రేసు నుంచి మొదలుపెట్టు. చూసి మన లీగ్ గ్రూపులో రాయి." అని రీప్లేల పాస్‌వర్డ్ చిన్న కాగితం మీద రాసిచ్చారు. "చూశాకే రాయాలి సుమా," అని కూడా అన్నారు. అప్పటికే బొంగరం ల్యాబ్‌లో చివరి కంప్యూటర్ ముందుంది.

చూడాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. బెల్‌కి మూడు నిమిషాలే ఉన్నాయి. సాయంత్రందాకా ఆగడమా? బొంగరం వల్ల అయ్యే పనేనా అది? అయినా తెలిసిన సంగతికి చూసేదేముంది అనుకుంది. గ్రూపులో టకటకా కొట్టేసింది.

"కొత్త రూలు. గుద్దుకోవడానికి కారణమైనవాళ్ళు వచ్చే రేసు చివరి నుంచి మొదలుపెట్టాలి. పోయిన వారం తప్పు నిదానానిది."

సాయంత్రం ఇంటికి రాగానే గ్రూపు తెరిచింది. నిదానం జవాబు ఉంది.

"సరే. ఈ శనివారం వస్తాను. ఆ తర్వాత రాను."

లీగ్‌ని నిలబెట్టబోయి తనే ముంచేసిందా? బొంగరం వంటింటికి వెళ్ళింది. నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చింది. బాల్కనీలోకి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. తప్పు చేసింది అతనే కదా, తనకెందుకీ కంగారు? రీప్లే చూపిస్తే నోరెత్తడు. అలా అనుకుని, అప్పుడు రీప్లే పెట్టింది.

ఆ రీప్లేలో ఒక సదుపాయం ఉంది. ఎవరి కారులోనైనా కూర్చున్నట్టు చూడొచ్చు. బొంగరం నిదానం కారు ఎంచుకుంది.

అప్పుడే అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. అమ్మ సిటీ బస్సు నడుపుతుంది. శనివారాలు కూడా డ్యూటీయే కాబట్టి కూతురి రేసు ఒక్కసారీ చూడలేదు. బూట్లు విప్పి, కాళ్ళు స్టూలు మీద చాపి, బొంగరం పక్కనే కుర్చీలో కూలబడింది.

"ఇదేనా మీ రేసు? పెట్టు, నేనూ చూస్తా."

పచ్చ లైటు వెలిగింది. కార్లు కదిలాయి. మలుపు ఇంకా ఎన్ని మీటర్లుందో చెప్పే బోర్డులు పక్కన కనబడ్డాయి. నూట యాభై, వంద, యాభై. నిదానం వంద దాటకముందే బ్రేకు వేశాడు. ముందే వేశాడు, నిజమే. కానీ అతని అద్దంలో ఒక ఎర్ర కారు కనబడింది. అది ఆగలేదు. పెద్దదవుతూ వచ్చింది. అద్దమంతా ఎరుపైపోయింది. ధన్‌మని చప్పుడు. ట్రాక్, ఆకాశం, గడ్డి అన్నీ గిర్రున తిరిగాయి. తెర ఆగేసరికి నిదానం గడ్డిలో వెనక్కి తిరిగి ఉన్నాడు. మిగతా కార్లన్నీ వెళ్ళిపోయాయి.

"అయ్యో పాపం!" అంది అమ్మ. "ఎవరే ఆ ఎర్ర కారు? బ్రేకు అనేది ఒకటుందని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదా?"

బొంగరం రీప్లే ఆపేసింది. "ఎవరో అమ్మా," అంది.

ఆ ఎర్ర కారు బొంగరానిదే.

తన కారులో కూర్చుని నడిపినప్పుడు అది చిన్న కుదుపు, అంతే. తగిలి, పక్కకి జరిగి, వెళ్ళిపోయింది. వెనక్కి చూసింది కూడా లేదు.

"నడిపేవాడికి ఏం తెలుస్తుందిలే," అంది అమ్మ కాలి మడమ రుద్దుకుంటూ. "మా డిపోలో కొత్త డ్రైవర్ వస్తే ముందు వారం రోజులు బస్సు చివరి సీట్లో కూర్చోబెడతారు. బ్రేకు వేసినప్పుడల్లా తల ఎక్కడ కొట్టుకుంటుందో తెలియాలి కదా. నాకైతే రెండోరోజుకే బొప్పి కట్టింది."

మామూలుగా అయితే బొంగరం పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

అమ్మ స్నానానికి వెళ్ళాక పాత రేసులు తెరిచింది. మొదటి వారం నిదానం యాభై బోర్డు దగ్గర బ్రేకు వేశాడు, అందరిలాగే. ఎర్ర కారు గుద్దింది. రెండో వారం ఇంకాస్త ముందే వేశాడు. మళ్ళీ గుద్దింది. మూడో వారం ఇంకా ముందు. వెనక నుంచి ఎవరో గుద్దుతారన్న భయంతో పాపం ప్రతి వారం ఇంకా ఇంకా ముందే బ్రేకు వేస్తూ వచ్చాడు.

మానేసిన ఇద్దరి కార్లలో కూడా కూర్చుని చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది. అక్కడా అదే మలుపు. అదే ఎరుపు.

బొంగరం లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంది. ఇన్ని రీప్లేలు చూసే తీరిక ఇంకెవరికుంది? ఎవరికీ తెలియదు. కానీ తనకు తెలిసిపోయిందే! ఆ అద్దం కళ్ళముందు నుంచి పోవడం లేదు. బల్ల చుట్టూ ఏడుసార్లు తిరిగింది. చివరికి కూర్చుని ఒక్కొక్క అక్షరమే కొట్టింది.

"నేను రీప్లే చూడకుండానే రాశాను. ఇప్పుడు చూశాను. తప్పు నిదానానిది కాదు, నాది. మానేసిన ఇద్దరినీ గుద్దింది కూడా నేనే. వాళ్ళకి విడిగా రాస్తాను. ఈ శనివారం చివరి నుంచి మొదలుపెట్టేది నేను. సారీ నిదానం."

పంపాక ఫోను బోర్లించింది. నిమిషానికోసారి తిప్పి చూసింది. కళ్ళజోడు పెద్ద కళ్ళ బొమ్మ పెట్టింది. సార్ "చూశాను" అని మాత్రం రాశారు. నిదానం నుంచి ఏమీ లేదు. మర్నాడు కూడా ఏమీ లేదు. బడిలో పక్క సెక్షన్ వైపు రెండుసార్లు వెళ్ళి, గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చేసింది.

శనివారం మూడూ యాభై. తెర మీద నాలుగు పేర్లు, కింద బొంగరం పేరు. ఐదుగురు. మూడూ యాభై ఐదు. ఐదుగురే. సార్ గొంతు హెడ్‌ఫోన్‌లో వినబడింది. "ఇంకో రెండు నిమిషాలు చూద్దాం."

బొంగరం మోకాలు బల్లకి కొట్టుకుంటోంది. స్టీరింగ్ గడగడలాడుతోంది.

మూడూ యాభై ఎనిమిదికి ఆరో పేరు వచ్చింది. నిదానం. ఈ శనివారం వస్తానన్నాడు, వచ్చాడు. వచ్చే వారం సంగతి ఎవరికీ తెలియదు.

చివరిచోట బొంగరం. సరిగ్గా ఆమె ముందు నిదానం. పచ్చ లైటు వెలిగింది.

ఎర్ర కారు ఎప్పటిలాగే దూసుకుపోయింది. నిదానం కారు దగ్గరైపోతోంది. నూట యాభై బోర్డు వచ్చింది. పక్కన కొంచెం సందు కూడా ఉంది. దూరితే దూరవచ్చు. కుడికాలు నొక్కు నొక్కు అంటోంది. ఎడమ కాలితో బ్రేకు నొక్కింది బొంగరం. నిదానం కంటే ముందే నొక్కింది. రెండు కార్ల మధ్య ఖాళీ ట్రాక్ కనబడింది.

హెడ్‌ఫోన్‌లో ఎప్పుడూ వినని ఒక చిన్న గొంతు వినబడింది.

"వెనక ఎవరు?"

"నేనే," అంది బొంగరం.

ముందు నిదానం కూడా బ్రేకు వేశాడు.

"గుద్దుతావా?"

"లేదు. నువ్వు వెళ్ళు. నేను ఆగాను."

నిదానం వెళ్ళాడు. మొదటి మలుపు మొత్తం తిరిగి, గడ్డిలోకి పోకుండా, అవతలి వైపుకి వెళ్ళాడు. అప్పుడు బొంగరం బ్రేకు మీద నుంచి కాలు తీసింది.