ఇంజన్ లేని ట్రాలీ

"నగరిలో కనీసం ఒక పడవైనా ఉండాదా?"

మొదటి రోజు క్లాసులో హేమశ్రీ తన పేరు చెప్పి, ఊరు నగరి అని చెప్పి కూర్చోగానే వెనక బెంచీ నుంచి వచ్చిన మాట అది. తిరిగి చూసింది. నీలం చొక్కా, గడ్డం కింద చెయ్యి, కళ్ళల్లో నవ్వు.

"లేదు. మీది ఏ రేవు?" అంది.

"పూతలపట్టు."

క్లాసంతా గొల్లుమంది. పూతలపట్టులో ఉన్నవి రోడ్ల కూడలి, చుట్టూ మామిడి తోటలు. సముద్రం మాట దేవుడెరుగు, వేసవిలో చెరువు కూడా ఎండిపోతుంది. నవ్వినవాళ్ళలో ఆ అబ్బాయి కూడా ఉన్నందుకు హేమశ్రీకి మరీ ఒళ్ళు మండింది. అతని పేరు మునీంద్ర అని హాజరు పిలిచినప్పుడు తెలిసింది.

తిరుపతి బస్టాండు వెనక ఒక మేడ పై అంతస్తులో ఉంది ఆ శిక్షణ సంస్థ. కిటికీ తెరిస్తే ఏడుకొండలు కనిపిస్తాయి గాని ఓడలు కనిపించవు. నేర్పేది మాత్రం ఓడల సంగతే. నూనెలు మోసే ట్యాంకర్లను కిరాయికి ఎలా మాట్లాడాలి, సరుకు ఎలా ఎక్కించాలి, ఆలస్యమైతే డెమరేజ్ అనే జరిమానా ఎవరి నెత్తిన పడుతుంది, ఇవీ పాఠాలు. నేర్పే కెప్టెన్ చంద్రమౌళి సగం జీవితం నీళ్ళ మీద గడిపి, మిగతా సగం స్వామి కొండ కనిపించే చోటే ఉంటానని మొక్కుకున్న మనిషి.

హేమశ్రీ మరమగ్గాల ఇంట్లో పుట్టింది. తడ దగ్గర ఒక గోడౌన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు, ఓడ రాలేదని లారీలూ లారీలు రాలేదని ఓడా ఆగిపోయి, అందరూ ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకోవడం రోజూ వినేది. ఈ తగువులు తీర్చడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు చెన్నైలో ఉంటారని తెలిసింది. అంతే, ఉన్న ఉద్యోగం మానేసి వచ్చింది. తల్లి దేవకమ్మ అలిగింది. తండ్రి గోవిందస్వామి మాత్రం, "ఈ కోర్సు అయ్యేలోపల పని దొరికితే నీ ఇష్టం. దొరక్కపోతే మళ్ళా గోడౌన్‌కే పోవాల" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

చెన్నైలోని ఒక ఓడల బ్రోకర్ల ఆఫీసు ఈ బ్యాచ్ నుంచి ఒక్కరినే తీసుకుంటుందని కెప్టెన్ చెప్పిన రోజు, ఆ ఒక్కరూ తానే కావాలని హేమశ్రీ పట్టు పట్టింది. దేవుడితో కాదు, తనతో తానే.

మునీంద్ర పట్టు మాత్రం ఏమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆమె లెక్క ముందు పూర్తి చేస్తే, "ఏమప్పా, నగరి ఓడలు శానా స్పీడు" అనేవాడు. ఒకసారి సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచికొడితే తన గొడుగు ఆమె చేతిలో పెట్టి, "నాకు తడవడం ఇష్టం" అని చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు క్లాసులో తుమ్ముతూనే ఉన్నాడు. హేమశ్రీ నవ్వు ఆపుకోవడానికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. పుస్తకం మీదుగా చూసింది కూడా, కానీ ఆ సంగతి ఆమె ఒప్పుకోదు.

కోర్సు చివరికొచ్చింది. "ఓడ రేవుకు చేరినంత మాత్రాన ఏమీ కాదు" అని కెప్టెన్ ఎన్నిసార్లు చెప్పాడో. "వచ్చినాను, సిద్ధంగా ఉన్నాను అని నోటీసు ఇవ్వాల. ఆ రెండూ నిజం కావాల. అప్పుడే గడియారం మొదలవుతుంది. అనుకున్న గడువు దాటితే డెమరేజ్."

ఆ నోటీసు మీదే ఆఖరి వాదన పెట్టాడు. వంటనూనె ఎత్తుకోవడానికి ఒక ట్యాంకర్ రేవుకు వస్తుంది. రాగానే నోటీసు ఇస్తుంది. రేవులో చోటు దొరకక చాలా రోజులు బయటే నిలబడుతుంది. తీరా చోటు దొరికి, తనిఖీ మనిషి ట్యాంకుల్లోకి దిగితే పాత సరుకు వాసన కొడుతుంటుంది. మళ్ళీ కడిగించి నూనె ఎక్కిస్తారు, ఎక్కించడమూ గడువు దాటుతుంది. మొత్తం ఆలస్యానికి డెమరేజ్ కట్టాలంటారు ఓడవాళ్ళు. కట్టేది లేదంటారు ఓడను కిరాయికి తీసుకున్నవాళ్ళు.

హేమశ్రీకి ఓడ పక్షం వచ్చింది. మునీంద్రకు కిరాయి పక్షం. గెలిచినవాళ్ళ పేరు చెన్నైకి వెళ్తుంది.

తన వాదనలో చిల్లు ఎక్కడుందో హేమశ్రీకి తెలుసు. ట్యాంకులు కంపు కొడుతుంటే సిద్ధమని ఇచ్చిన నోటీసు చెల్లదు. ఎదుటివాడు ఆ ఒక్క మాట అంటే చాలు, కట్టినదంతా కూలిపోతుంది. అయినా లేచి వాదించింది. మునీంద్ర గాలి గురించి మాట్లాడాడు, అలల గురించి మాట్లాడాడు, కూలీల గురించి మాట్లాడాడు. ట్యాంకుల జోలికి పోకుండానే కూర్చున్నాడు. కెప్టెన్ కళ్ళద్దాల పైనుంచి అతని వంక చూసి, హేమశ్రీ గెలిచిందని చెప్పాడు.

అబ్బాయికి ఆ సంగతి తట్టలేదు, తన అదృష్టం అనుకుంది హేమశ్రీ. అందరూ కలిసి కింద గోవిందు టీ కొట్టుకు వెళ్ళారు. టీ ఇంకా చల్లారకముందే మునీంద్ర ఫోన్ మోగింది. చేతిలో గ్లాసు ఉండడంతో స్పీకర్ పెట్టాడు.

"ఒరే, నా లైను పోయిందిరా" అని తండ్రి వరదయ్య గొంతు కొట్టంతా వినిపించింది. "మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందర మన ట్రాలీ మొన్నటి నుంచి నిలబడుండాది. గేటు కాడ నా పేరే పిలిసినారంట. నా ఎనకాలోడిని లోపలికి పంపించినారు. ఇది న్యాయమేనా?"

"ట్రాక్టర్ యాడ ఉన్నింది నాయనా?"

"ఇంటికి తోలుకొచ్చినా. సేను దున్నొద్దా? ఇంజన్ను ఊరికే ఆడ నిలబెడతారా ఎవురైనా?"

"అయితే వాళ్ళ తప్పేమీ లేదు. కాయలు తెచ్చినావు, ట్రాలీ పెట్టినావు. పిలిచినప్పుడు లాగేదానికి ఇంజన్ లేదు. సిద్ధంగా లేకపోతే వచ్చినట్టే కాదు నాయనా."

టీ కొట్టు గోవిందు నవ్వాడు. అందరూ నవ్వారు. హేమశ్రీ నవ్వలేదు, గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"పక్కన ఎవురు నవ్వేది?" అన్నాడు వరదయ్య. మునీంద్ర పేర్లన్నీ చెప్పాడు. హేమశ్రీ మర్యాదకు, "నమస్తే సార్" అంది.

"సారేంది తల్లీ. మామిడికాయలోడిని. నోరారా ఏదన్నా వరస పెట్టి పిలువు."

హేమశ్రీ తటపటాయించింది. చిన్నాయనా అంటే మునీంద్ర అన్న అయి కూర్చుంటాడు. ఇంకో పిలుపు కూడా ఉంది, అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఆలోచించుకుని చెప్తాను సార్" అంది. వరదయ్య నవ్వి ఫోన్ పెట్టేశాడు.

మిగతావాళ్ళు పైకి వెళ్ళేదాకా ఆగింది.

"ఆ మాట నా ముందర ఎందుకు అన్లేదు?"

"ఏ మాట?"

"సిద్ధంగా లేకపోతే వచ్చినట్టు కాదనే మాట. మీ నాయనకు తడుముకోకుండా చెప్పినావే. ట్యాంకుల సంగతి నీకు తెలీక కాదు. తెలిసే వదిలేసినావు."

మునీంద్ర గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "నీకు ఆ ఉద్యోగం శానా అవసరం."

"నీకు వద్దా?"

"కావాలి."

"మరి నన్నెందుకు గెలిపించినావు?"

"ఊరికే" అన్నాడు.

ఊరికే ఎవరూ ఉద్యోగం వదులుకోరని గోవిందుకు కూడా తెలుసు. అతను గ్లాసులు కడగడంలో అనవసరమైన శ్రద్ధ చూపిస్తున్నాడు.

హేమశ్రీకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోపాన్నే బయటికి పంపింది. "రేపు నేను చెన్నైలో కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ, ఇది పూతలపట్టు అబ్బాయి జాలిపడి ఇచ్చింది అనుకోవాలా? నాకు అట్లాంటి గెలుపు వద్దు. నా ఎదురుగా నిలబడితే నిజంగా నిలబడు."

మెట్లెక్కి నేరుగా కెప్టెన్ గదికి వెళ్ళింది. "సార్, ఈ గెలుపు తీసేయండి. మళ్ళీ వాదిస్తాం."

"ఓడిపోతావు తల్లీ" అన్నాడాయన.

"ఓడితే ఓడతాను సార్."

కెప్టెన్ తల పంకించాడు. "రేపు చెన్నై నుంచి ఉదయలక్ష్మి గారు వస్తున్నారు. మనిషిని తీసుకోవలసింది ఆమే. ఆమె ముందరే వాదించండి."

మర్నాడు మునీంద్ర లేచి మొదటి మాటే ట్యాంకుల మీద వేశాడు. వాసన ఉన్న ట్యాంకులతో సిద్ధమన్న నోటీసు చెల్లదన్నాడు. కడిగిన తరువాత ఇంకో నోటీసు కూడా ఇవ్వలేదన్నాడు. ఎక్కడా తగ్గలేదు, ఆమె మొహం కూడా చూడలేదు. హేమశ్రీకి భయం వేసింది, దానితోపాటు ఒక వింత సంతోషం కూడా.

ఆమె లేచింది. "నోటీసు చెల్లదు. ఒప్పుకుంటున్నాను. రెండో నోటీసు ఇవ్వకపోవడం కూడా మా తప్పే. బయట నిలబడిన రోజులన్నీ వదులుకుంటున్నాను."

క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి.

"కానీ కడిగిన ట్యాంకులు బాగున్నాయని చూసింది మీ మనిషే. పైపు తగిలించింది మీరే, నూనె వదిలింది మీరే. ఇంకో నోటీసు కావాలని ఒక్కరూ అనలేదు. ఓడ సిద్ధంగా ఉందని ఒప్పుకుంటేనే కదా నూనె వదిలినారు. పైపు తగిలించినప్పటి నుంచి మా గడియారం తిరిగినట్టే. ఆ తరువాత జరిగిన ఆలస్యం మీదే."

మునీంద్ర మూడు వైపుల నుంచి లాగి చూశాడు. ఆమె ఆ చివరి ముక్కను వదల్లేదు. లెక్క చూస్తే పెద్ద భాగం అతనే గెలిచాడని, చిన్న భాగం ఆమెకు దక్కిందని కెప్టెన్ తేల్చాడు. హేమశ్రీ కళ్ళ ముందు తడ గోడౌన్ కనిపించింది.

వాదనంతా విన్న ఉదయలక్ష్మి కుర్చీ ముందుకు జరుపుకుంది. "అబ్బాయి బాగా వాదించాడు. కానీ గెలిచే కేసులు నా దగ్గరికి ఎక్కువగా రావు. ఓడిపోయే కేసులో నిజం ఒప్పుకుని కూడా ఇంత మిగుల్చుకునే మనిషి నాకు కావాలి. అమ్మాయిని పంపించండి."

మొదట చప్పట్లు కొట్టింది మునీంద్రే. అతని కళ్ళల్లో మళ్ళీ ఆ మొదటి రోజు నవ్వు కనిపించింది. ఈసారి హేమశ్రీకి ఒళ్ళు మండలేదు.

అంతా బాగానే ఉంది గాని, మాట్లాడవలసిన మనిషి మాట్లాడకుండా అదే సాయంత్రం మామిడికాయలకు కాపలా వెళ్ళిపోయాడు. ఫోన్ రాలేదు. చెన్నైకి బయలుదేరే రోజు దగ్గర పడింది. హేమశ్రీ ఎదురు చూసి, విసుక్కుని, చివరికి తండ్రికి అంతా చెప్పి, తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కింది.

పూతలపట్టులో దిగేసరికి సన్నగా తుంపర. గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడుగునా ట్రాలీలు, వాటి మీద పట్టలు, పట్టల కింద తోతాపురి కాయల వాసన. లైను ముందు భాగంలో ఒక ట్రాక్టర్ మీద వరదయ్య తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. పక్కన నేల మీద నిలబడి మునీంద్ర.

ఆమెను చూసి అతను రెండడుగులు ముందుకు వచ్చాడు.

"ఈసారి ఇంజన్ తెచ్చుకున్నారే" అంది హేమశ్రీ.

"బుద్ధొచ్చింది" అన్నాడు. "గూడూరు అవతల పోర్టులో, నూనె ట్యాంకుల కాడ పని ఉండాదంట. వచ్చే నెల ఇంటర్వ్యూ."

"ఈసారి ఎవరినీ గెలిపించొద్దు."

"గెలిపించను."

"ఆ రోజు ఊరికే అన్నావు. నేను దాని కోసమే వచ్చినాను. నోరు తెరిచి చెప్పకుండా ఎంత కాలం నిలబడినా లెక్కలోకి రాదు, తెలుసు కదా."

మునీంద్ర తండ్రి వైపు చూశాడు. వరదయ్య మర్యాదగా మొహం గేటు వైపు తిప్పుకున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"నువ్వంటే నాకు ఇష్టం" అన్నాడు మునీంద్ర. "పెళ్ళి చేసుకుందామని ఉండాది. ఇది ఇప్పటిది కాదు. నగరిలో పడవ ఉండాదా అని అడిగిన రోజు నుంచి."

"ఆ రోజు నుంచి చెల్లదు" అంది హేమశ్రీ. "చెప్పింది ఈరోజు. ఈరోజు నుంచే లెక్క."

"మీ ఇంట్లో?"

"మా నాయన ఒక్కటే అడిగినాడు. ఆ అబ్బాయి మాట మీద నిలబడతాడా అని. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండాడని చెప్పినాను. సీజన్ అయినాక మీ నాయనను తీసుకుని నగరికి రమ్మన్నాడు."

గేటు దగ్గర వరదయ్య పేరు పిలిచారు. ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు. తుంపర పెద్దదయింది. మునీంద్ర ఒక పక్క మడ్‌గార్డ్ మీదికి ఎక్కి ఆమెకు చెయ్యి అందించాడు. హేమశ్రీ పైకెక్కి, ఇంకో పక్కన కూర్చోబోయి, వరదయ్య భుజం మీద చిన్నగా తట్టింది.

"కొంచెం జరగండి మామా."

వరదయ్య వెనక్కి తిరిగి చూశాడు. క్లచ్ మీద నుంచి కాలు జారి ఇంజన్ టక్కున ఆగిపోయింది. వెనక ట్రాక్టర్లన్నీ హారన్లు మోగించాయి.

"ఏమన్నావు తల్లీ?"

"ఆలోచించుకుని చెప్తానన్నాను కదా. మామా అన్నాను."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేసి, ట్రాలీని గేటులోకి లాగాడు.