పెదవి మీద వేలు

మా బావ వీడియోలు ఎడిట్ చేసే దుకాణానికి వెనక ఒక గది ఉంది. చీకటి పడ్డాక అందులో ఒంటరిగా కూర్చోకూడదని వీధి వీధంతా అంటుంది. మొదట అక్కడ మిషను పెట్టుకున్న దర్జీ, ఎవరో వెనక నిలబడి తన కుట్టు చూస్తున్నట్టుంటోందని ఖాళీ చేశాడు. తర్వాత ట్యూషన్లు చెప్పుకునే ఆయన కారణం కూడా చెప్పకుండా పోయాడు. బల్ల వదిలేసి మరీ పోయాడు. మంచి బల్ల. మనిషి అలాంటి బల్ల వదిలేసి పోయాడంటే మామూలు విషయం కాదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అందుకే ఆ గదికి పగటిపూట మాత్రమే వెళ్తాను. కాబట్టి ఇందులో చీకటి పడ్డాక జరిగిందంతా బావ చెప్పగా విన్నదే.

బావ కంప్యూటరు ఆ గదిలోనే ఉంటుంది. నాకు కంప్యూటర్ల గురించి అన్నీ తెలుసని మా ఇంట్లో ఒక పుకారుంది. పుట్టించింది నేనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడుచేసి పాడుచేసి వంటబట్టిన విద్య. ఎండలు ముదిరిన రోజుల్లో బావ ఫోన్ చేసి, తెర మీద రంగురంగుల గళ్ళు పడుతున్నాయన్నాడు.

"గ్రాఫిక్స్ కార్డు పోతోంది బావా," అన్నాను పెద్ద డాక్టరు గొంతుతో. తెర మీదికి బొమ్మని పంపేది ఆ కార్డే కదా.

పెట్టె విప్పించాను. కార్డు ఫ్యాను చుట్టూ దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. ఊది, తుడిచి, కార్డుని మళ్ళీ గట్టిగా నొక్కి కూర్చోబెట్టాం. గళ్ళు పోయాయి. నా పుకారుకి బలం వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే మాస్టారు ఒక చిన్న వీడియో కేసెట్టు పట్టుకొచ్చారు. బళ్ళో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నైట్ డ్యూటీ నర్సు చేత కెమెరా పట్టించి, చిన్నపిల్లగా ఉన్న కూతురి కోసం నాలుగు మాటలు చెప్పి వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై, "అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదు నాన్నా," అందట. ఆదివారం తను వస్తోంది. ఈలోగా ఆ వీడియో మసక తీసి, గరగర తగ్గించి ఇవ్వాలి.

"నేనెప్పుడూ చివరిదాకా చూడలేదు నాయనా," అన్నారు మాస్టారు. "పెడతాను... ఆవిడ నవ్వగానే ఆపేస్తాను."

బావ ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాడు. ఆవిడ మాట్లాడింది, నవ్వింది. నర్సు లైటు ఆర్పేసింది. కెమెరా ఆపడం మర్చిపోయినట్టుంది — తెరంతా నలుపు.

ఆ నలుపులో... ఒక ముఖం.

ఆడమనిషి. పోలిక తెలియనంత మసక. తల మీద తెల్లగా ఏదో. కళ్ళు తిన్నగా బావ వైపే. పెదవుల మీద నిలువుగా ఒక వేలు — మాట్లాడకు, అన్నట్టు.

బావ వీడియో ఆపేసి, చెప్పులు వదిలేసి బయటపడ్డాడు. ట్యూషన్ల ఆయన బల్ల ఎందుకు వదిలేశాడో అప్పుడర్థమైందట.

"ఏరా, నీ కార్డు జబ్బు తిరగబెట్టింది," అన్నాడు ఫోన్లో, వీధిలో నిలబడి.

"మళ్ళీ గళ్ళా?"

"గళ్ళు కాదురా... మనిషి."

నాకు నిజంగా తెలిసిన సంగతి ఒక్కటుంది. అదే చెప్పాను. తెర మీదున్న బొమ్మని కంప్యూటరు చేతే ఫొటో తీయించాలి. ఫొటోలో కూడా ముఖం ఉంటే తప్పు లోపలిది, అంటే కార్డుది. లేకపోతే తప్పు బయటిది, తెరదో వైరుదో.

బావ ఫోను చెవిన పెట్టుకుని లోపలికెళ్ళాడు. ఏదో నొక్కాడు, ఏదో తెరిచాడు.

"ఫొటోలోనూ ఉంది," అన్నాడు గుసగుసగా.

"అయితే కార్డే," అన్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా వెళ్ళి, నా కంప్యూటర్లో కార్డు పీకి బావ దాంట్లో పెట్టొచ్చాను. చీకటి పడింది. వీడియో నలుపు దగ్గరికి వచ్చింది. ఆ ముఖం... మళ్ళీ వచ్చింది. అదే చూపు, అదే వేలు. బావ మళ్ళీ ఆపేశాడు.

కార్డు మార్చినా వచ్చిందంటే కార్డు తప్పు కాదని ఎవరికైనా తట్టాలి. నాకు మాత్రం అది నా కార్డులోకి కూడా ఎక్కిందనిపించింది.

"కార్డు వెనక్కి తీసుకుంటావా?" అనడిగాడు బావ.

"ఉంచుకో బావా. తొందరేముంది."

శనివారం పొద్దుగూకాక మాస్టారు వచ్చారు. దాచేందుకు బావకి మనసు రాలేదు. తెర నల్లబడింది. ముఖం తేలింది. మాస్టారు బెదరలేదు. కుర్చీలోంచి ముందుకి వంగారు.

"ఈ ముఖం నాకు తెలుసు," అన్నారు.

బావ తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మా ఆవిడే. జబ్బేమిటో ఆవిడకి నేను చెప్పలేదు నాయనా. కడుపులో పుండు, మందులకి తగ్గిపోతుందన్నాను. పోయేదాకా అదే పాట పాడాను. ఇప్పుడు చూడు... ఇక నోరు మూసుకోమంటోంది. ఇది పిల్లకి ఇవ్వొద్దంటోంది."

"మాస్టారూ, అమ్మాయి రేపు వస్తుంది కదా..."

"చెరిపెయ్యి. ఆ కేసెట్టు కూడా ఇలా ఇయ్యి. పొయ్యిలో పెట్టేస్తాను."

ఆయన చెయ్యి చాపారు. బావ కేసెట్టు ఇచ్చాడు. ఇక మిగిలింది కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీ ఒక్కటే. చెరపమంటావా అని అది అడిగింది. బావ వేలు బొత్తాం మీద ఉంది.

"ఏమిటా గుసగుసలు?" ముందుగదిలోంచి మా అక్క. దుకాణం తెరిచిన దగ్గర్నించీ ఆ గడప దాటని మనిషి.

"మాస్టారి ఆవిడ కనిపిస్తోందే," అన్నాడు బావ.

"నాకూ చూపించండి."

"అయితే లోపలికి రా."

"నేనా? ఆ గదిలోకా? మా తమ్ముడు తీయించిన ఫొటో ఉందిగా, నా ఫోనుకి పంపండి. ఇక్కడ వెలుతుర్లో నిలబడి భయపడతాను."

పంపాడు.

"ఏదీ? నల్లగా ఉంది, అంతే."

బావ బయటికొచ్చి చూశాడు. నిజమే, కాటుక పూసినంత నలుపు. అక్క ఫోను లోపలికి పట్టుకెళ్ళి తెర పక్కన పెట్టాడు. రెండింట్లోనూ ఒకటే ఫొటో. తెర మీద ముఖం ఉంది... ఫోన్లో లేదు. ఫొటో మూసేసి, ఏమీ లేని ఉత్త నల్ల బొమ్మ తెరిచాడు. ముఖం అక్కడే ఉంది.

కేసెట్టులో లేదు. కార్డులో లేదు. తెర అద్దంలో ఉంది.

ఫొటో తీయించమన్న మహానుభావుడు దాన్ని వేరే చోట చూడమని చెప్పలేదు. అదే తెర మీద చూడనిచ్చాను. కళ్ళజోడుకి మరక అంటితే, అదే జోడుతో ఊరంతా తిరిగి ప్రతి గోడకీ మరకుందని తేల్చిన బాపతు.

బావకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మానిటరు, ఊళ్ళో ఆస్పత్రి ఒకటి మూసేస్తుంటే ఈమధ్యే కొన్న పాత సరుకు. రోగుల తాలూకు మనుషులు కూర్చునే హాల్లో ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు ఒకే బొమ్మ చూపిస్తూ వేలాడింది. తెల్లటోపీ నర్సు, పెదవి మీద వేలు, కింద 'నిశ్శబ్దం'. చూపించీ చూపించీ ఆ బొమ్మ అద్దంలోనే ఇంకిపోయింది. నలుపు వచ్చినప్పుడు పైకి తేలుతుంది.

మాస్టారు అంతా విన్నారు. కేసెట్టుని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పారు.

"అందుకే తెలిసినట్టుంది," అన్నారు. "నెలల తరబడి దాని ఎదురుగానే కూర్చున్నాను. లోపల ఆవిడ... బయట నేనూ, ఈ నర్సమ్మా."

కేసెట్టు బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఆదివారానికి మా ఇంట్లో మానిటరు ఇచ్చి పంపాను. దాంతో నాకు కీబోర్డు ఒక్కటే మిగిలింది. నేనూ వెళ్దామనుకున్నాను గానీ, బస్సు ఆలస్యమై ఆ అమ్మాయి వచ్చేసరికి పొద్దు గూకింది.

వెనక గదిలో మాస్టారు, అమ్మాయి, బావ. గుమ్మం అవతల అక్క. తెర మీద ఆవిడ మాట్లాడుతోంది. అమ్మాయి కళ్ళు మూసుకుని గొంతు మాత్రం వింటోంది. ఆవిడ నవ్వింది. మాస్టారు ఈసారి ఆపమనలేదు. నర్సు లైటు ఆర్పేసింది.

నలుపు.

బావ చెయ్యి అలవాటు చొప్పున బొత్తాం మీదికి వెళ్ళింది.

"ఉండనివ్వండి అన్నయ్యా," అంది అమ్మాయి.

నలుపు... నలుపు. ముఖం లేదు. తెర మారింది కదా, ఎక్కణ్ణించి వస్తుంది. ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది. తెరలోదో, గదిలోదో తెలియదు.

కిర్రుమని చప్పుడు. వీడియోలో నర్సు తలుపు తెరిచింది. వరండా లైటు ఒక చారలా మంచం మీద పడింది. ఆ వెలుగులో ఆవిడ... తల కాస్త వంచి... కళ్ళు తిన్నగా ఇటువైపే... పెదవుల మీద నిలువుగా వేలు. ఆ పాత తెర మీద నర్సు వేలు ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే ఉందని బావ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

"సిస్టర్... నాకంతా తెలుసని ఆయనకి చెప్పకండి. ఆ అబద్ధం చెప్పడానికి పాపం ఎంత అవస్థ పడుతున్నారో. ఆయన ముందు నాకేమీ తెలియనట్టే ఉండండి."

వీడియో అయిపోయింది.

ఎవరూ లైటు వెయ్యలేదు. కాసేపటికి మాస్టారి గొంతు వినిపించింది, చాలా మెల్లగా.

"అబ్బాయ్... ఇది కూడా అద్దంలోదేనా?"

"కాదు మాస్టారూ," అన్నాడు బావ. "ఇది లోపలిదే."