సావిత్రి వెళ్ళిన శనివారం

శనివారం పొద్దున్నే ఆక్లండ్ శివారు హెండర్సన్‌లోని ఆ ఇంటి వంటింటి కిటికీలన్నీ ఆవిరి పట్టేశాయి. సావిత్రి ఒక పొయ్యి మీద గుత్తివంకాయ కూర మగ్గబెట్టి, రెండో దాని మీద పులిహోరకు పోపు వేస్తోంది. ఆమె భర్త విద్యాసాగర్ హాల్లో సోఫాకు కొత్త కవర్లు తొడుగుతున్నాడు. కూతురు వర్షిణి రెండు చీరలు భుజాన వేసుకొచ్చి, “అమ్మా, ఆకుపచ్చదా, ఇదా?” అని నాలుగోసారి అడిగింది.

వర్షిణికి సాయి తేజ అదే ఊరి ఉత్తర శివారు ఆల్బనీలో చదువుకునే రోజుల్లో పరిచయమయ్యాడు. అతని తల్లిదండ్రులు దూరాన, దక్షిణాదిలోని జాన్సన్‌విల్‌లో ఉంటారు. పెళ్ళి మాటలకని పదకొండున్నర ఫ్లైటుకు ఆక్లండ్ వస్తున్నారు. ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

ఏడు దాటాక సావిత్రి ఫోను మోగింది. రెండు ముక్కలు మాట్లాడి, ఆమె పొయ్యి ఆపేసింది.

“ఉత్తరాన ఏటికట్ట తెగి ఊళ్ళోకి నీళ్ళొచ్చాయట. ఎనిమిదింటికి వ్యాన్ బయల్దేరుతుంది” అంది.

విద్యాసాగర్ చేతిలోని కవరు అలాగే ఉండిపోయింది. “అయితే?”

“నేను వెళ్ళాలండీ.”

వాళ్ళు పదకొండేళ్ళు నడిపిన డెయిరీని, అంటే వీధి మలుపులోని చిన్న కిరాణా కొట్టుని, కిందటేడు అమ్మేశారు. ఈ ఫిబ్రవరిలో సావిత్రి లైబ్రరీలో ఒక ప్రకటన చూసి, ఇంట్లో ఎవరినీ అడగకుండా కన్జర్వేషన్ కోర్‌లో చేరిపోయింది. వారానికి నాలుగు రోజులు వాగుల వెంట కలుపు పీకడం, మొక్కలు నాటడం, పక్షుల గుడ్లు తినే ఎలుకలకు బోనులు పెట్టడం అక్కడి పని. వరదో, కార్చిచ్చో వస్తే సాయానికి పరిగెత్తడం కూడా అందులో భాగమే. ఆ దళంలో చాలామందికి పాతికేళ్ళు. ఆమెకు యాభై.

“ఇవాళ్టికి కుదరదని చెప్పు” అన్నాడు విద్యాసాగర్. “ఇన్నాళ్ళూ నీ ముచ్చటని ఊరుకున్నాను. నువ్వొక్కదానివి వెళ్ళకపోతే ఆ ఊరు మునిగిపోతుందా?”

“మునిగిపోయిందండీ ఇప్పటికే.”

“అమ్మా, సీరియస్‌గానా?” అంది వర్షిణి. “వాళ్ళు ఫస్ట్ టైమ్ వస్తున్నారు. అమ్మ ఏదంటే ఏం చెప్పాలి? చెత్త ఊడ్వడానికి వెళ్ళిందనా?”

ఆ మాటకు సావిత్రి ముఖం చిన్నబోయింది. అయినా కోప్పడలేదు. కూతురి భుజం మీంచి ఆకుపచ్చ చీర తీసి చేతికిచ్చింది. “ఇది కట్టుకో. నీకు బావుంటుంది. కూర అయిపోయింది, అప్పడాలు మాత్రం వేయించుకోండి. ఎక్కడికెళ్ళానో ఉన్నదున్నట్టు చెప్పండి.”

రబ్బరు గమ్‌బూట్లు, నారింజ రంగు జాకెట్ సంచిలో పెట్టుకుని ఆమె వెళ్ళిపోయింది. వాకిలి దాకా కూడా ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం సాయి తేజ తల్లిదండ్రులు రామలింగేశ్వరరావు, వెంకటలక్ష్మి వచ్చారు. “వదినగారేరీ?” అని వెంకటలక్ష్మి అడగగానే విద్యాసాగర్ తడబడ్డాడు. “దగ్గరివాళ్ళకి సుస్తీ చేస్తే వెళ్ళాల్సొచ్చిందమ్మా” అనేశాడు. ఆవిడ “అలాగా” అని ఊరుకుంది. భోజనాలయ్యాయి. పెళ్ళి ప్రస్తావన మాత్రం ఎవరూ ఎత్తలేదు. రెండింటికి వాళ్ళు తమ బంధువుల ఇంటికి వెళ్ళిపోయారు.

“పద, మీ అమ్మని తీసుకొద్దాం. రేపైనా వాళ్ళ ఎదుట కూర్చోవాలి కదా” అని విద్యాసాగర్ కారు తాళాలు అందుకున్నాడు.

ఆ ఊరి మొదట్లోనే కారు ఆపేశారు. నీళ్ళు తీశాయి గానీ వీధంతా బురద. తడిసిన పరుపులు, సోఫాలు ఇళ్ళ ముందు గుట్టలుగా పడున్నాయి. సావిత్రి పేరు చెప్పగానే దళం నాయకురాలు అరోహా చేతి తొడుగులు తీసి విద్యాసాగర్ చెయ్యి పట్టుకుంది.

“మీరు ఆమె భర్తా? రండి. ఆ ఇంట్లో జోన్ అనే పెద్దావిడ, ఎనభై మూడేళ్ళు, రాత్రంతా బల్ల మీద కూర్చుని ఉంది. గోడలు నాని ఉన్నాయి, బయటికి రమ్మని అందరం బతిమాలాం. రాలేదు. సావిత్రి వెళ్ళి పక్కన కూర్చుంది. గంటసేపు ఏమీ అడగలేదట. చివరికి ఆవిడే లేచి ఆమె చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. మాకెవరికీ రాని పని అది.”

ఇంటి వెనక కుర్చీలో జోన్ తల వంచుకుని కూర్చుని ఉంది. సావిత్రి బకెట్టులోంచి గోరువెచ్చని నీళ్ళు ముంచి ఆవిడ తెల్లజుట్టులోని బురద కడుగుతోంది. మోచేతుల దాకా మట్టి. భర్తను చూసి కంగారుపడింది.

“వాళ్ళు కోపంగా వెళ్ళారా?”

విద్యాసాగర్ తిడదామనే వచ్చాడు. తీరా చూశాక, “ఎందుకు సావిత్రీ ఇదంతా?” అన్నాడు మెల్లగా.

ఆమె నీళ్ళు పోస్తూనే చెప్పింది. “దివిసీమ ఉప్పెనప్పుడు నాకు పదేళ్ళు. అమ్మా తమ్ముడూ పోయారని మీకు చెప్పాను. తరవాతది చెప్పలేదు. నన్ను బళ్ళో ఉంచారు. మూడు రోజులు నేనెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఎక్కడినుంచో ఒకావిడ వచ్చింది. మన జిల్లా కూడా కాదు, యాస వేరు. పక్కన ఊరికే కూర్చుంది. సాయంత్రానికి నా జుట్టులో బురదంతా కడిగి జడ వేసింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆవిడ పేరైనా అడగలేదండీ. లైబ్రరీలో ఆ కాగితం చూసిన రోజు ఇంక ఆగలేకపోయాను.”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఈ మాట వినలేదు. వర్షిణి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బురదలోకి దిగి తల్లి పక్కకు వచ్చింది.

“సారీ అమ్మా. పొద్దున అలా అనకుండా ఉండాల్సింది” అంటూ మగ్గు అందుకుంది. “నువ్వు జుట్టు పట్టుకో, నేను పోస్తాను.”

విద్యాసాగర్ పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. “బావగారూ, ఇందాక అబద్ధం చెప్పాను. మా ఆవిడ వరదకి మునిగిన ఊళ్ళో పనిచేస్తోంది. చెప్పడానికి నామోషీ పడ్డాను. ఇక్కడికొచ్చి చూశాక నా మీద నాకే సిగ్గేస్తోంది.”

అవతల ఫోను చేతులు మారింది. “అన్నయ్యగారూ” అంది వెంకటలక్ష్మి. “మేం రావడం ఇష్టం లేక వదినగారు తప్పుకున్నారేమోనని ఇందాకట్నించీ బాధపడుతున్నాను. ముందే చెప్పుంటే ఎంత బావుండేది! ఆవిణ్ణి తొందరపెట్టకండి. మంగళవారం దాకా ఉంటాం. అలాంటి మనిషిని చూడకుండా ఎలా వెళ్తాం?”

ఆయన కళ్ళు తుడుచుకుని తిరిగి వచ్చాడు. వర్షిణి జోన్ తల తుడుస్తోంది. జోన్ కళ్ళు మూసుకుని, ఉదయం నుంచి మొదటిసారి నవ్వింది.

“ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి?” అని అడిగాడు విద్యాసాగర్.

“ఈ వీధిలో పదకొండు. మీరు బయల్దేరండి, చీకటి పడుతుంది. నేను వ్యాన్‌లో వస్తాను.”

“నిన్ను వదిలేసి ఎక్కడికి వెళ్తాం?” ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గోడకు ఆనించిన పార తీసుకున్నాడు. “ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు. ఇక్కడ నువ్వే పెద్దదానివి.”

సావిత్రి చెయ్యెత్తి పక్కింటి వైపు చూపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.